కొనేవాడిదీ మధ్యస్తుడిదీ ఒకే గొంతు

పూణె,
శుక్రవారం.

ప్రియమైన అక్కకు,

తమ్ముడు సుధాకర్ నమస్కారాలు. నువ్వు, బావ, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. తిండి సంగతి మాత్రం అడగొద్దు, ఇక్కడ పప్పులో కూడా బెల్లం వేస్తారు. ఎవరైనా ఇటు వస్తుంటే శెనక్కాయల పొడి పంపు. మూడు వారాలుగా వాన, చొక్కాలు ఆరడం లేదు. సాయంత్రాలు ఒంటరిగా అనిపిస్తుంది గానీ బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు.

అసలు కబురు విను. నీ పాలిష్ మిషనుకు డబ్బు దొరికిందక్కా! బండలు పక్కవాళ్ళ ఫ్యాక్టరీకి పంపి, వాళ్ళ వంతు అయ్యేదాకా నువ్వు కాచుకుని కూర్చునే పని ఇక లేదు. రెండేళ్ల కిందట ఇంటర్నెట్లో కడప నల్లబండ పేరుతో ఒక డొమైన్, అంటే వెబ్‌సైటు పేరు, నమోదు చేసుకున్నానే, బావ "గాల్లో జాగా కొన్నాడు మా బామ్మర్ది" అని నవ్వాడే, అది అమ్మేశాను.

ఊరికే అమ్ముడు పోలేదు. మొదట చెన్నైలో బండల వ్యాపారి ఒకాయన అడిగితే, తక్కువిస్తున్నాడని వదిలేశాను. తర్వాత ఢిల్లీ నుంచి ఒకతను ఫోన్ చేసి రెండింతలు ఇస్తానన్నాడు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. పేరు ముందిస్తే డబ్బు ఎగ్గొడతాడని నాకు భయం, డబ్బు ముందివ్వాలంటే అతనికి భయం. దీనికి ఎస్క్రో అని ఒక పద్ధతి ఉంది. మధ్యలో ఒక కంపెనీ కొనేవాడి డబ్బు తన దగ్గర పెట్టుకుని, పేరు చేతులు మారాక మనకిస్తుంది. మన మధ్యస్తుడి లాంటిదే. ఆ కంపెనీ లింకు కూడా అతనే పంపాడు. రెండు రోజులకు, డబ్బు మాకు ముట్టింది, పేరు బదిలీ చెయ్యండని వాళ్ళ మెయిలు వచ్చింది. ఒకసారి బదిలీ అయిందంటే ఆ పేరు మళ్ళీ మన చేతికి రాదు. నేను బదిలీ బటన్ నొక్కబోయాను.

అప్పుడు బావ గుర్తొచ్చాడు. బండలు అమ్మేటప్పుడు, డబ్బు ముట్టిందని మధ్యస్తుడు చీటీ పంపితే ఒప్పుకోడు కదా. "దుడ్లు నా చేతిలో ఉండాయి" అని ఆ మనిషి నోటితో వింటేగాని లారీ కదలనివ్వడు. నాకూ ఆ మాట చెవిన పడందే మనసొప్పలేదు. ఆ ఎస్క్రో కంపెనీ సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినవాడు కంపెనీ పేరు చెప్పాడు. గొంతు ఢిల్లీవాడిది! మాటకు ముందు ముక్కు ఎగబీల్చే అలవాటుతో సహా. ఒళ్ళు మండి మన భాషే వచ్చేసింది.

"ఏమప్పా, కొనేటోడివీ నువ్వే, మధ్యస్తుడివీ నువ్వేనా?"

ఏం అర్థమైందో గానీ ఫోన్ పెట్టేశాడు.

మా ఆఫీసు పెద్దాయన విని తల పట్టుకున్నాడు. ఎస్క్రో మంచిదేనట, కానీ కొనేవాడు పంపిన లింకు నమ్మకూడదట. కంపెనీ గురించి మనమే విచారించి, దాని చిరునామా మనమే టైపు చేసి, డబ్బు చేరిందో లేదో అందులో మన ఖాతాలోకెళ్ళి చూసుకోవాలట. సిగ్గు విడిచి చెన్నై ఆయనకు రాశాను. పాపం, మొదట చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు. ఈసారి అన్నీ చూసుకున్నాకే పేరు ఇచ్చాను. నిన్న డబ్బు నా బ్యాంకులో పడింది.

పొద్దున ఆ పేరు కొట్టి చూశాను. ఇక మనది కాదు గదా అని కాస్త మనసు చివుక్కుమంది. ఆయన అప్పుడే తన గోడౌను ఫోటో పెట్టేశాడు. ముందు వరస బండల అంచున బావ వేసే ఎర్రరంగు గుర్తు ఉందక్కా! ఏ దళారి చేతి మీదుగానో మన బండలే అక్కడిదాకా పోయాయి. ఆయన నంబరు ఈ కాగితం వెనక రాస్తున్నాను. దళారి లేకుండా నువ్వే మాట్లాడు.

పెద్దమ్మకు, బావకు నా దండాలు. పాపకు ముద్దులు. మీ దీవెన నా మీద ఉండాలి.

నీ తమ్ముడు,
సుధాకర్