మల్లవ్వ విష్ణుక్రాంతం

పటాన్‌చెరు,
ఆగస్టు, 1993.

చెల్లాయి హైమావతికి,

ఇక్కడ అందరం కులాసా. క్వార్టర్ల తోటల పోటీలో ఈసారి మాకే మొదటి బహుమతి వచ్చింది. కానీ పనిమనిషి మల్లవ్వ మానేసింది.

కిందటేడు వాగు ఒడ్డు నుంచి విష్ణుక్రాంతం తెచ్చి, మన నల్లమట్టిలో ఇసుక కలిపి, గేటు పక్కన నాటింది. నేలను పాకే మొక్క, చిన్న నీలం పూలు. ముచ్చటగా ఉందని నేనూ ఊరుకున్నాను. పోటీ రోజు పొద్దున మీ బావగారు, "ఆ కలుపేమిటి, పీకించు" అన్నారు. మల్లవ్వనే పీకమన్నాను.

"అమ్మా, నా బిడ్డను బొందవెట్టిన కాడ మొలిసింది గిది. గాడ ఇసుకంత లారీలల్ల ఎత్కపోయిండ్రు. ఇగ గిదొక్కటే మిగిలింది" అంది.

"పిల్ల పోయి ఇన్నేళ్ళయింది, ఇంకా ఏమిటి మల్లవ్వా? జడ్జీలొచ్చే వేళయింది, కానీ" అన్నాను.

ఏడవలేదు. కూర్చుని, వేర్లు తెగకుండా మెల్లగా పీకి, కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది. కబురు చేసినా రాలేదు. అంత పొగరు!

ఆ చోట రంగురాళ్ళు పేర్పించాం. జడ్జీలు అవే మెచ్చుకున్నారు.

మీ వైపు నమ్మకమైన మనిషి ఉంటే చూసి పంపు. పిల్లల గొడవ లేనిదైతే మరీ మంచిది.

నీ అక్క