వదిలెయ్ అన్న గొంతు

గని వీధి, గురువారం

నా మొండిఘటానికి, ముద్దుల ఫిదేకు,

ఆట అవగానే ప్వెబ్లా వెళ్ళి కూర్చున్నావు. ఫోను ఎత్తవు. ఎత్తినా "ఏం లేదు అమ్మమ్మా, తిన్నాను, పడుకుంటున్నాను" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి మధ్యలో కాలు అడ్డం పెట్టడం నీలాంటి డిఫెండర్‌కి కూడా కుదరదు.

నాన్చకుండా చెబుతాను. ఆ ఆదివారం మైదానంలో "వదిలెయ్" అని అరిచింది నబోర్ కాదు. నేను.

ఇప్పుడు కూర్చో. నేను కూడా కాస్త కాఫీ తాగి మళ్ళీ మొదలుపెడతాను.

మనవాళ్ళు రెఫరీ నెత్తిన బీరు గ్లాసులు విసిరిన పుణ్యాన ఆఖరి ఆట ఖాళీ స్టేడియంలో ఆడమన్నారు కదా. కుటుంబాలవాళ్ళకు మాత్రం గోల్ వెనక కాసిని కుర్చీలు ఇచ్చారు. నేనూ, మా చెల్లెలు చోలే ముందు వరసలో కూర్చున్నాం. అంత పెద్ద స్టేడియంలో ఎవరైనా దగ్గినా అవతలి గోల్ దాకా వినిపించేలా ఉంది. చోలే తినడానికి తెచ్చుకున్న తమాలే పొట్లం విప్పితే, ఆ మొక్కజొన్న పొత్తి రేకుల చప్పుడుకి లైన్‌మన్ తల తిప్పి చూశాడు. సమంగా ముగిసినా చాలు, పై డివిజన్‌కి వెళ్ళిపోతాం. ఆట అయిపోవస్తోంది. అప్పుడే చోలే చేతిలోని ఫ్లాస్కు మూత జారి కటకటాల అవతల పడింది. ఆవిడ, ఆ వయసులో, ఆ నడుముతో, సగం మనిషి అవతలికి వంగి దానికోసం చెయ్యి చాపింది.

"వదిలెయ్!" అన్నాను.

నా గొంతు సంగతి నీకు తెలుసు. బడి ఆవరణలో మైకు లేకుండా, గంట లేకుండా పిల్లల్ని లోపలికి తోలిన గొంతు అది. చోలే వదల్లేదు. మూత తీసుకునే లేచింది. నేను తలెత్తేసరికి నువ్వు ఆగిపోయి ఉన్నావు, బంతి నీ పక్కనుంచి వెళ్ళిపోతోంది, వాళ్ళ తొమ్మిదో నంబరు వాడు దాన్ని తీసుకుని, పాపం గోల్ వదిలి ఆలస్యంగా ముందుకొచ్చిన నబోర్‌ను దాటుకుని, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వెళ్ళినట్టు గోల్లోకి వెళ్ళాడు.

చిన్నప్పుడు నువ్వు పిల్లి తోక పట్టుకున్నా, పాకం గిన్నెలో వేలు పెట్టినా, గని కుప్ప వెనక కంకర మైదానంలో నీకన్నా పెద్దవాడి చొక్కా పట్టుకుని వేలాడినా నేను అన్నది ఆ ఒక్క మాటే. మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను కాదురా, ఆ మాట. అది వింటే నీ కాళ్ళు బిగుసుకుపోయేవి. ఇన్నేళ్ళ తర్వాత కూడా బిగుసుకుపోతాయని నేననుకోలేదు.

తర్వాత మైకులు పెట్టిన వాళ్ళతో నువ్వేమన్నావో టీవీలో చూశాను. "వదిలెయ్ అని వినిపించింది. వదిలేశాను." అంతే అన్నావు. అబద్ధం లేదు. కానీ బంతి తనకి వదిలెయ్యమనేది గోల్‌కీపరే కదా, ఊరంతా నబోర్ వైపు తిరిగింది. పిలిచి కూడా సమయానికి బయటికి రాలేదు, పిరికివాడు అన్నారు. వాడు "నేను అనలేదు" అన్నాడు. ఎవరు నమ్ముతారు? గోల్‌కీపర్ మాట గోల్ పడ్డాక ఎవరూ వినరు. ఇప్పుడు క్లబ్బు వాడి కాంట్రాక్టు పొడిగించనంటోందట. సోమవారం ఖాయం చేస్తారట. నీ కూతురి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు వాడు. ఇద్దరూ కలిసి గోళీలాడారు, కలిసి బడి ఎగ్గొట్టారు, కలిసి నా చేత దెబ్బలు తిన్నారు. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

మరి నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. ఊళ్ళో ఎవరు ఏ తప్పు చేసినా వీధిలోనే దిద్దే మనిషిని. మొన్న రొట్టెల కొట్టు నడిపే లూస్ నబోర్‌ని నానా మాటలూ అంటోంది. "మీరే చెప్పండి టీచరమ్మా, అలాంటి వాణ్ణి ఏం చెయ్యాలి?" అని నన్నే అడిగింది. "బన్నులు తాజావేనా?" అన్నాను. తాజావే. తెచ్చుకున్నాను గానీ గొంతు దిగలేదు. చోలే తింది.

ఈ వారం వెళ్ళి నబోర్‌తో చెప్పేస్తాను. ముందు నీకు తెలియాలని రాశాను. నీ ఆట నా నోటి వల్ల పోయింది. క్షమించమని అడగడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నీ అమ్మమ్మ,
ఎర్లిందా


గని వీధి, శనివారం

ఫిదేకు,

ఈసారి పైన ముద్దులు లేవని గమనించే ఉంటావు.

నబోర్ ఇంటికి వెళ్ళాను. వాడి పెళ్ళాం మరిక్రూస్ తలుపు తీసి, నన్ను చూసి, పక్కకు జరగాలా వద్దా అని కాసేపు ఆలోచించింది. జరిగింది. వాడు వెనక పెరట్లో కోళ్ళగూటికి తీగ కడుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. మూత సంగతి, చోలే నడుము సంగతి, నా గొంతు సంగతి. అంతా విని వాడు తీగ మెలిపెట్టడం ఆపలేదు.

"తెలుసు టీచరమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మీరని. మూడో క్లాసు మీ దగ్గరే కదా చదివాను. నేనూ ఆగిపోయాను. అర సెకను. జేబులో ఏముందో తీసి బల్ల మీద పెట్టమంటారేమో అనిపించింది."

నేను నవ్వు ఆపుకున్నాను. మరిక్రూస్ మాత్రం గుమ్మంలోంచి అంది. "నవ్వండి నవ్వండి. సోమవారం తర్వాత ఈ కోళ్ళే మాకు దిక్కు."

"మరి చెప్పవేంరా? పేపరు వాళ్ళతో చెప్పొచ్చుగా?" అన్నాను.

"ఏమని? ఒక ముసలావిడ అరిచింది, అందుకని ఓడిపోయాం అనా? ఆ తర్వాత ఈ ఊళ్ళో నాకు రొట్టె అమ్మేవాడుంటాడా?" తీగ కింద పెట్టాడు. "అయినా నేను చెప్పేది కాదు అది. ఫిదే చెప్తాడని చూస్తున్నా."

"వాడికి తెలియదు కదరా. నీ గొంతే అనుకున్నాడు."

వాడు నా వైపు చూసిన చూపు, ఫిదే, ఇప్పటికీ నా మీదే ఉంది. బళ్ళో నేను ఎక్కం తప్పు చెబితే పిల్లలు అలా చూసేవాళ్ళు.

"నేను 'వదిలెయ్' అనను టీచరమ్మా. ఎప్పుడూ అన్లేదు. 'నాదే' అంటాను. కంకర మైదానం రోజుల్నుంచీ 'నాదే'. నా వెనక ఆడేవాడికి... కాదు, నా ముందు ఆడేవాడికి, నిద్రలో లేపినా తెలుసు ఆ మాట."

ఇంటికి వచ్చేదాకా దారంతా అదే అనుకుంటూ వచ్చాను. "నాదే." నిజమే. మీరిద్దరూ మా వంటింటి కిటికీ కింద ఆడుకుంటుంటే వాడి నోట వినిపించింది ఆ మాటే. బంతి కాదు, బిస్కెట్టు చూసినా "నాదే" అనేవాడు. నేనే మర్చిపోయాను. నువ్వు మర్చిపోయి ఉండవు. వాడి ముందు నిలబడి నువ్వు జీవితం గడిపావు. ముక్కు విరగ్గొట్టుకున్నావు, కనుబొమ్మ మీద కుట్లు వేయించుకున్నావు. ఉత్తరాదిన పై డివిజన్‌లో ఆడిన ఆ మూడేళ్ళు తప్ప, నీ వెనక వినిపించిన గొంతు వాడిదే.

అంటే నీకు తెలుసు. ఆ గొంతు నాదని మైదానంలోనే తెలుసు. తెలిసే మైకు ముందు ఆ రెండు ముక్కలు అన్నావు. మిగతాది ఊరికి వదిలేశావు.

నన్ను కాపాడావా? అలా అనుకుని కాసేపు కళ్ళు తుడుచుకున్నాను కూడా. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఆలోచించాను. నన్ను కాపాడాలంటే "నాకేమీ వినిపించలేదు, తప్పు నాది" అంటే సరిపోయేది. నువ్వు అనలేదు. ఎందుకనలేదో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం నాకు అస్సలు నచ్చదు.

సోమవారం పొద్దున్నే క్లబ్బు ఆఫీసుకి వెళ్ళి నా నేరం ఒప్పుకుంటానన్నాను. నబోర్ వద్దన్నాడు. "మీది మీరు నాకు చెప్పారు, చాలు. మిగిలింది వాడిది." వెళ్ళనని ఒప్పుకున్నాను. అందుకే ఈ ఉత్తరాన్ని మార్గరీటా కొడుకు నడిపే బస్సులో పంపుతున్నాను, రేపటికి నీ చేతికి అందుతుంది. నీ వాటా నీ దగ్గరే ఉంది. ఏం చేసుకుంటావో నీ ఇష్టం.

ఎర్లిందా


ప్వెబ్లా, బుధవారం

అమ్మమ్మా,

ముద్దులు నా వైపు నుంచి ఉన్నాయి, పుచ్చుకున్నా పుచ్చుకోకపోయినా.

నీ రెండు ఉత్తరాలూ వరసగా చదివాను. మొదటిది చదివి ఏడ్చాను. రెండోది చదివి సిగ్గుపడ్డాను. నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. ఇది ఎవరితోనూ చెప్పలేదు, నా భార్యతో కూడా.

నీ గొంతు నాకు తెలిసింది. తెలియకపోవడమేంటి? కానీ నేను ఆగింది నీ గొంతు విని కాదు అమ్మమ్మా. అప్పటికే ఆగిపోయాను.

బంతి నా తల మీదుగా వెనక్కి వస్తుంటే తిరిగాను. తిరిగిన మొదటి అడుగులోనే తెలిసిపోయింది, మోకాలు రాదని. చలికాలం నుంచీ అది అలాగే ఉంది. డాక్టరు ఆడొద్దన్నాడు. నేను నొప్పి సూది పొడిపించుకుని, నవ్వుతూ కెప్టెన్ పట్టీ కట్టుకుని ఆడుతున్నాను. మన జట్టుని పై డివిజన్‌కి ఒక్కసారి తీసుకెళ్తే చాలనుకున్నాను. ఆ తొమ్మిదో నంబరు వాడు నా భుజం పక్కనుంచి వెళ్ళిపోయాడు. అందుకోలేనని తెలిసి కాళ్ళు ఆపేశాను. పరిగెత్తి ఓడిపోతే ముసలివాణ్ణయ్యానని అందరికీ తెలుస్తుంది. ఆగితే ఏదో కారణం ఉందనుకుంటారు. అప్పుడు వినిపించింది నీ మాట. దేవుడు పంపినట్టు అనిపించింది. నిన్ను దాచాలనుకుని నోరు మూసుకోలేదు. నన్ను దాచుకోవడానికి నీ మాట వాడుకున్నాను. దాని బరువు నబోర్ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

నువ్వు అరవకపోయినా ఆ గోల్ పడేది. ఆ బన్నులు ఇక తినొచ్చు నువ్వు.

సోమవారం పొద్దున్నే ఊరికొచ్చి, నీ గుమ్మం తొక్కే మొహం లేక నేరుగా క్లబ్బుకి వెళ్ళాను. మోకాలి సంగతి, సూదుల సంగతి, అన్నీ చెప్పాను. పేపరు వాళ్ళకూ చెప్పాను. నీ పేరు చెప్పలేదు, అరుపు గాలికి వచ్చిందన్నాను. నబోర్‌ని ఇంకో ఏడాది ఉంచుకుంటున్నారు. నన్ను వాళ్ళు పంపించాల్సిన పని పడలేదు, నేనే పట్టీ బల్ల మీద పెట్టి వచ్చాను. డిఫెండర్ ఇన్నేళ్ళు ఆపిన బంతులు ఎవరికీ గుర్తుండవని నువ్వే అనేదానివి. ఆపని ఒక్కటి నాకు గుర్తుంటుంది. అది చాలు.

నబోర్ క్లబ్బు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కౌగలించుకుంటాడేమో అనుకున్నాను.

"ఎంతసేపురా నీకు?" అన్నాడు. "కోళ్ళగూడు కట్టడం కూడా అయిపోయింది."

"తప్పు నాది" అన్నాను.

"నాదే అనాలి. 'నాదే'. అది నేర్చుకోవడానికి నీకు ముప్పయ్ అయిదేళ్ళు పట్టింది." గేటు గడియ వేస్తూ అన్నాడు. "వచ్చే ఆదివారం కంకర మైదానంలో ముసలాళ్ళ జట్టుకి వెనక ఒక మనిషి తక్కువ. మోకాలు లేకపోయినా పర్లేదు. కానీ మీ అమ్మమ్మని ఇంట్లో కట్టెయ్."

కట్టెయ్యను. నువ్వు రా. చోలే అమ్మమ్మని, ఆ ఫ్లాస్కుని కూడా తీసుకురా. మూత పడితే పడనీ, అరవాలనిపిస్తే అరిచెయ్. ఈసారి పరిగెత్తుతూనే ఉంటాను అమ్మమ్మా. అందకపోయినా.

నీ
ఫిదెన్సియో