ఎట్నా కొండ కింద నుంచి

బావా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. స్టీల్‌ప్లాంట్ ఫర్నేసు దగ్గర పనిచేసినన్నాళ్లూ ఇటలీలోని ఎట్నా అగ్నిపర్వతం చూడాలనేవాడివి కదా, అక్కని తీసుకుని వచ్చాను. కొండ చుట్టూ పాత ఊళ్లున్నాయి. ఒకప్పుడు ఊళ్లను కాల్చేసిన లావా చల్లారి రాయైతే, ఆ నల్లరాయితోనే మళ్లీ ఇళ్లూ చర్చిలూ కట్టుకున్నారు. అక్క ఒక గోడ తడిమి చూసి, "ఇనుము తీసేశాక మిగిలే ఫర్నేసు స్లాగ్‌లాగే ఉందిరా" అంది.

నువ్వు పోయాక అక్క మల్కాపురం ఇంటి గడప దాటని మనిషి. కొండదారిలో చెట్లు అయిపోయి బూడిద నేల మొదలైన చోట నా మోకాళ్లు మొరాయించాయి.

"దిగిపోదామా అక్కా?"

"నువ్వు కూకో. మీ బావ సూడాలన్న కొండ, నాను సూసొత్తాను."

పొగ లేస్తున్న వైపు మిగతావాళ్లతో నడుచుకుంటూ పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు బావా.