రెండు జవాబుల్లో ఒకటి

శుక్రవారం, మధ్యాహ్నం
మీ ఆఫీసు కింది అంతస్తు, సందర్శకుల గది

ఉత్తరాల విభాగానికి పెద్దయిన మా కోడలమ్మకి,

నీ మామయ్య దీవెనలు. నేను క్షేమం. నువ్వు క్షేమమేనని పొద్దున కాఫీ ఇచ్చినప్పుడు చూశాను. మావాడూ క్షేమమే. నేను బయల్దేరేటప్పుడు ఒక చెప్పు దొరక్క ఇల్లంతా వెతుకుతున్నాడు.

ఒకే ఇంట్లో ఉంటూ ఆఫీసుకి ఉత్తరం ఏమిటనుకుంటావు. ఇంట్లో చెబుదామని వారమంతా చూశాను. నువ్వు ఎదురుగా ఉంటే నోరు పెగల్లేదు. చీటీ రాసి నీ బల్ల మీద పెడదామా అనుకున్నాను. పెడితే చదివి, మడిచి, దాచేస్తావు. "పోనీలెండి మామయ్యా" అంటావు. నాకు తెలుసు. ఇక్కడ ఇస్తే అలా కుదరదు. మీ దగ్గరికి వచ్చిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేస్తారనీ, పైన 'స్వంతం' అని రాసినా మీవాళ్ళు విప్పి చదువుతారనీ, జవాబు ఇవ్వకుండా వదలరనీ నువ్వే చెప్పావు. అందుకే ఇక్కడికి వచ్చాను.

కౌంటరులో అమ్మాయిని కాగితం అడిగాను. "వినతా, ఫిర్యాదా తాతగారూ?" అంది. ఫిర్యాదన్నాను. "ఎవరి మీద?" అంది. నా మీదే అన్నాను. "బాగుంది. అలాంటివాళ్ళకి ఇక్కడ వేరే వరస లేదు. ఆ మూల కూర్చుని రాసుకోండి" అని నవ్వింది. నీ మామగారినని చెప్పలేదు.

విషయానికి వస్తాను. కామా గారిది ఏ తప్పూ లేదు.

ఊపిరి తీసుకున్న చోటల్లా కామా పెడతాడని మీరంతా కలిసి ఆ పేరు పెట్టారు కదా, ఆయన. జవాబులు టైపు చేసే మనిషి. రోడ్డు వెడల్పు సంగతి ముందే బయటికి చెప్పాడని ఆయన్ని సోమవారం నుంచి రికార్డు గదిలో పడేస్తున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నువ్వు. నిన్న భోజనాల దగ్గర మావాడితో అన్నావు. "అంత సర్వీసున్న మనిషి, ఇలా చేశాడంటే నమ్మబుద్ధి కావట్లేదు. కానీ టైపు చేసింది ఆయన, చూసింది నేను, సంతకం డైరెక్టరు గారిది. ఇంకెవరున్నారు చెప్పు?" అన్నావు. మావాడు "నువ్వే నిద్రలో వాగి ఉంటావు" అని వేళాకోళం చేశాడు. నువ్వు నవ్వలేదు. నేను మంచినీళ్ళు తాగాను. ఇంకెవరున్నారో నాకు తెలుసు. నీ పక్కనే కూర్చుని కంచంలోకి చూస్తున్నాడు.

ఇక్కడి నుంచి రాసేది నీకు తెలిసిందే. ఇది ముందు విప్పేవాళ్ళకి తెలియాలని రాస్తున్నాను.

డైరెక్టరు గారి పేరుతో వెళ్ళే ఉత్తరాన్ని అందుకునేవాడి చెవితో ఒకసారి వినాలంటావు. అందుకే ఆదివారాలు ఇంట్లో పైకి చదువుతావు. నన్ను ఎదురుగా కూర్చోబెడతావు. ఊరి బడిలో ఐదు దాకా చదివిన మామయ్యకి అర్థమైతే లోకానికంతా అర్థమవుతుందని. పేర్లు చదవవు. ఒకసారి "'పరిశీలనలో ఉన్నది' అంటే మీకేమనిపిస్తోంది మామయ్యా?" అని అడిగావు. "పక్కన పడేశారనిపిస్తోంది" అన్నాను. పడీ పడీ నవ్వి ఆ ముక్క కొట్టేశావు. మీ అత్తయ్య పోయాక నా అభిప్రాయం అడిగింది నువ్వొక్కదానివే.

డైరెక్టరు గారు ఇంకా తేల్చని సంగతులకి రెండు జవాబులు తయారుగా ఉంచడం మీ పద్ధతి. అవునని ఒకటి, కాదని ఒకటి. ఆయన ఒకటి ఉంచుతారు, ఒకటి చింపేస్తారు. అలా ఒక ఆదివారం రోడ్డు వెడల్పులో పోయే దుకాణం గురించి రెండూ చదివావు. మలుపు, కుట్టుమిషన్లు అని వినగానే మన వీధి చివర దర్జీ అని తెలిసిపోయింది. మొదటిదాంట్లో దుకాణం అక్కడే ఉంటుందని ఉంది. రెండోదాంట్లో తీసేయక తప్పదు, విచారిస్తున్నాం అని ఉంది. "మరీ కటువుగా ఉందా?" అని అడిగావు. 'విచారిస్తున్నాం' ఒకసారి చాలమ్మా, రెండుసార్లంటే నమ్మబుద్ధి కాదన్నాను. ఒకటి తీసేశావు.

కాబట్టి రెండు జవాబులున్నాయని నాకు తెలియకపోలేదు.

మర్నాడు దర్జీ దుకాణం ముందు కూర్చున్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ కోడలు అక్కడే కదా బాబాయ్, ఏమన్నా తెలిసిందా? కొత్త మార్కెట్లో గది ఇస్తామంటున్నారు. రేపటిలోగా ఒప్పుకోవాలట. ఏం చెయ్యమంటారు?" అని బతిమాలాడు. కాదనలేకపోయాను. "నీ దుకాణం కదలదు. ఉత్తరం తయారైంది, నా చెవులతో విన్నాను" అన్నాను. రెండో ఉత్తరం మాట ఎత్తలేదు.

అతను గది వద్దని చెప్పేశాడు. అది వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. డైరెక్టరు గారు ఉంచింది రెండో ఉత్తరం.

అతను మీ ఆఫీసుకి వచ్చి అరిచిన సంగతి నువ్వే చెప్పావు. "ఉత్తరం తయారైందని లోపలి మాటే నాకు చెప్పారు, ఇప్పుడు మారుస్తారా?" అన్నాడట. ఎవరు చెప్పారని డైరెక్టరు గారు గుచ్చి గుచ్చి అడిగినా పెదవి విప్పలేదట. నా పరువు కాపాడుతున్నాననుకున్నాడు. మొన్న వీధిలో ఎదురై నమస్కారం కూడా పెట్టాడు. "మీరేం చేస్తారు బాబాయ్, పైవాళ్ళు మార్చేశారు" అని నన్నే ఓదార్చాడు. తిట్టి ఉంటే ఈ ఉత్తరం మొన్ననే రాసేవాణ్ణి.

దీనివల్ల నీకు మాట వస్తుంది. ఆఫీసు కాగితాలు ఇంట్లో ఎందుకు చదివావంటారు. సంజాయిషీ అడుగుతారు. నీ పేరు మీద మచ్చ పడుతుందనే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మూసుకుంది నా కోసమే. రికార్డు గది నిండా దుమ్మే, కామా గారికి అది పడదు. నీకు ఫోను చేసినప్పుడల్లా ఆయన దగ్గు నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆయన్ని ఆ గదిలోకి పంపకు. దర్జీకి ఇంకెక్కడైనా చోటు చూపించగలరేమో డైరెక్టరు గారిని అడుగు. అడగమనే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

ఇక్కణ్ణుంచి దర్జీ దగ్గరికే వెళ్తున్నాను. ఆలస్యమైతే వెతకొద్దని మావాడితో చెప్పు. ఈ ఉత్తరానికి జవాబు పోస్టులోనే పంపు. ఎంత కటువుగా ఉన్నా సరే, ఏ ముక్కా కొట్టేయకు. ఆదివారం ఇక నన్ను కూర్చోబెట్టకు.

నిన్ను తలెత్తి చూడలేని
మామయ్య

తా.క.: ఉత్తరం మడిచి కౌంటరు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి కూర్చున్నాను. పైన ఒక అబద్ధం రాశాను. దర్జీ నన్ను ఏమీ అడగలేదమ్మా. చెయ్యీ పట్టుకోలేదు, బతిమాలనూ లేదు. ఆ రోజు అతను సంతోషంగా ఉన్నాడు. కొత్త గదికి పెద్ద కిటికీ ఉందట, పగలు లైటు వేసుకోకుండా సూదిలో దారం ఎక్కించుకోవచ్చట. ఒప్పుకుంటున్నానని కాగితం కూడా రాసి పెట్టుకున్నాడు. నలుగురూ చుట్టూ చేరి వింటున్నారు. నేను చివర నిలబడ్డాను. ఎవరూ నా వైపు చూడలేదు. అప్పుడు అన్నాను ఆ మాట. అందరూ తిరిగారు. "నిజమా పెద్దాయనా, ఇలా వచ్చి కూర్చోండి" అని ఒకాయన లేచి తన కుర్చీ ఇచ్చాడు. దర్జీ ఆ కాగితం చింపుతుంటే చూస్తూ, ఆ కుర్చీలోనే కూర్చున్నాను.