అటక మీది వలలు

శ్రీకూర్మం దగ్గర, మన వీధి,
9 జూన్ 2025, సోమవారం.

వేరావల్‌లో ఉన్న లక్ష్ముడు బావకి,

దుర్గ రాసేది. ఉభయకుశలోపరి అని మొదలెట్టాలని బడిలో నేర్పారు. ఉభయం మాట నాకు తెలియదు, మా వైపు మాత్రం కుశలమే. అత్తకి మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, ఆకలీ ఎప్పటిలాగే బాగుంది. నీ తమ్ముడు శివాజీకి రెండో ఆడపిల్ల పుట్టింది. నీ నంబరు పలకడం లేదు కాబట్టి, మీ బోటు యజమాని చిరునామా కనుక్కుని ఆయన మీదుగా ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావు. కాగితాన్ని చించగలవు గానీ, చించేలోపు నాలుగు ముక్కలైనా కంట పడతాయి.

ముందు అసలు కబురు చెబుతాను. మన అటక ఖాళీ చేశాను. నీ వలలు దింపేశాను.

ఉలిక్కిపడ్డావా? పడి ఉండవులే.

ఇల్లు కట్టేటప్పుడు వంటగది మీద అటక పోయించింది నేను. పొయ్యి సెగ తగిలి ఎండుచేపలు వానాకాలంలో కూడా మెత్తబడకుండా ఉంటాయని మేస్త్రీతో దెబ్బలాడి మరీ పోయించాను. గుజరాత్ బోట్ల పనికి రైలెక్కే ముందు రోజు నువ్వు నీ నాలుగు వలలూ, తాళ్ళూ, బెండ్లూ అందులో కుక్కేసి పోయావు. అప్పట్నుంచి నా చేపల గంపలు మంచం కిందకీ, బియ్యం బస్తా తలుపు మూలకీ, అత్త పెట్టె నా తలగడ పక్కకీ వచ్చాయి. రెండు గదుల ఇంట్లో పక్కకి ఒత్తిగిల్లాలంటే ముందు పెట్టె జరపాలి. పోయినేడు వానలకి గుమ్మం దాటి నీళ్ళొచ్చాయి. మంచం కింద రెండు గంపల ఎండు నెత్తళ్ళు తడిసి పురుగు పట్టాయి. సంతకి వెళ్ళాల్సిన సరుకు ఎత్తుకెళ్ళి పెంటకుప్ప మీద పోశాను. తల ఎత్తి చూస్తే పైన పొడిగా ఉన్న చోటంతా నీ వలలే.

మన వీధి కట్టుబాటు నీకు తెలుసు. మగవాడు పోతే, దినకర్మ అయ్యాక అన్నదమ్ములు అతని వలలు పంచుకుంటారు. బతికున్నవాడి వలలు దింపి ఇంకొకరికి ఇస్తే వాడికి నీళ్ళొదిలినట్టే లెక్క. అందుకే ఆ నాలుగు వలలు ఇంట్లో నీ చోటు. అవి అటక మీద ఉన్నన్నాళ్ళూ నువ్వు వస్తావు, నేను లక్ష్ముడి పెళ్ళాన్ని. నా బతుకంతా ఆ మూటకే కట్టుకుని కూర్చున్నాను.

వేట ఆపే రోజులు వచ్చినప్పుడల్లా శివాజీ అడుగుతూనే ఉన్నాడు. వదినా, ఎలకలు కొరికీసినాక ఏటి మిగుల్తాది, ఇచ్చీ, అన్న వస్తే తిరిగిచ్చెస్తాను అని. అత్త ఒప్పుకోలేదు. నా కొడుకు ఉండగా ఆడి వలల మీద సెయ్యేస్తారేటి, సిగ్గునేదేటి అని వీధి దద్దరిల్లేలా అరిచింది. నేనూ అత్త పక్కనే నిలబడ్డాను. పాపం, శివాజీ తప్పేమీ లేదు. అయినా చీపురు తీసి గుమ్మం దాకా తరిమాను. మా నాన్న తోడబుట్టిన మనిషి, నన్ను చంకనెత్తుకుని పెంచిన మేనత్త, ఆవిడ నమ్మకమే నా నమ్మకం అనుకున్నాను.

నీ నంబరు మూగబోయిన దగ్గర్నుంచీ ఆవిడ బెంగ పెట్టుకుంటుందని నేనే ఫోన్లు కల్పించాను. బావ ఫోన్ చేశాడత్తా, బోటు మరమ్మతు ఉందట, ఒంట్లో బాగానే ఉందట, మోకాళ్ళకి నూనె రాసుకోమన్నాడు అని. ఆవిడ కళ్ళు మూసుకుని కూర్మనాథస్వామి కొండ వైపు... కొండెక్కడిది మనకి, గుడి వైపు తిరిగి దండం పెట్టేది. చూడు, నీ అబద్ధాలు కూడా నేనే ఆడాను.

మే నెలాఖరుకి వేరావల్ వెళ్ళినవాళ్ళంతా వచ్చారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నువ్వు వెళ్ళాక ఇది మూడో వేసవి, ఈసారీ రాలేదు. నీతో కలిసి బోటెక్కిన వెంకీ కుళాయి దగ్గర నా బిందె ఎత్తిపెడుతూ, నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఒదినా, ఇంక ఆడి కోసం సూడకు, అక్కడ ఆడికి ఇల్లున్నాది, మనిషున్నాది అని. బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి వంట చేశాను. అత్తకి చెప్పలేదు. ఆ ముసలి గుండె ఆగిపోతుందని భయం. నిజం చెప్పనా, నేనూ సగమే నమ్మాను. వెంకీ తాగుతాడు కదా, నోటికొచ్చింది వాగి ఉంటాడనుకున్నాను.

మళ్ళీ వానలొచ్చేస్తున్నాయి, ఈసారి సరుకు తడవకూడదని మొన్న శుక్రవారం నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని వెక్కిరించేవాడివిగా. ఆ మర్కటమే ఎక్కింది. మూడేళ్ళు ఆ అటక కిందే తల పెట్టుకుని పడుకున్నాను, ఒక్కసారి కూడా ఎక్కి చూడలేదు. మగవాడు వేటలో ఉండగా అతని వల ఆడది కదపకూడదన్న మాట నా బుర్రలోనూ ఉంది మరి.

పాత ఇంట్లో మీ నాన్న వలని అటకెక్కించడం మనిద్దరం చూశాం. బోరు కింద ఉప్పు వదిలేదాకా తడిపి, ఇసకలో రెండు రోజులు ఆరబెట్టి, చిరుగులు అల్లి, తాడు కొస చేతికి అందేలా మడిచేవాడు. మళ్ళీ వేటకి ఆ కొస పట్టుకు లాగితే చాలు, వల చిక్కు లేకుండా వచ్చేది. నీ వలలు కడగలేదు బావా. ఉప్పు గడ్డకట్టి, పొలుసులు అంటుకుని, నాచు ఎండిపోయి, ఉండ చుట్టి తోసేసి ఉన్నాయి. కొస ఎక్కడో దొరకలేదు. ఆ వాసనకే ఎలకలు చేరాయి. పైకి గుండ్రంగా ఉన్న మూట లోపల చెయ్యి పెడితే గుల్ల, పిల్లలతో సహా ఎలక గూడు.

తిరిగొచ్చేవాడు వలని అలా పెట్టడు. వెంకీ చెప్పినప్పుడు నమ్మని సగం అప్పుడు నమ్మాను. ఆమె నీకు అక్కడికెళ్ళాక పరిచయమైందో ముందే ఉందో నాకు అనవసరం. నువ్వు నిచ్చెన దిగినప్పుడే ఈ ఇంట్లోంచి దిగిపోయావు. మర్నాడు స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని వలలు జాగర్త అన్నావు చూడు, దానికి మాత్రం నిన్ను ఈ జన్మకి క్షమించను.

శివాజీని పిలిచి రెండు వలలు ఇచ్చాను. మిగతా రెండూ అల్లడానికి కూడా పనికిరావు. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం. ఇన్నాళ్ళూ అడిగినవాడు తీరా ఇస్తే చేతులు చాపడానికి జంకాడు. అమ్మ ఒప్పుకున్నాదేటి వదినా అన్నాడు. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక పూట అన్నం ముట్టలేదు. కన్నకడుపు కదా అనుకున్నాను.

తర్వాత అటకని తోమి, కన్నాలకి సిమెంటు పెట్టి, సున్నం వేశాను. లోపల ఇటుకలు పేర్చి చెక్క పరిస్తే ఒక అరకి రెండు అరలయ్యాయి. పొయ్యి సెగ తగిలే వైపు మూతలున్న డ్రమ్ముల్లో ఎండుచేపలు, ముందు వరసలో బియ్యం, రోజూ అక్కర్లేని సామాను వెనక్కి. అటక కింద వెదురు బొంగు కట్టి ఖాళీ గంపలు వేలాడదీశాను. అత్త పెట్టె పైకెళ్ళింది. మూడేళ్ళ తర్వాత కాళ్ళు చాపుకుని పడుకున్నాను. నువ్వు లేని ఇల్లు ఇంత పెద్దదని నాకు తెలియదు. అందులో నీ బట్టల సంచీకి మాత్రం చోటు కుదరలేదు. శివాజీ ఇంట్లో ఉంది, కావాలంటే అక్కడ అడుగు.

ఇంతే సంగతులు. ‘నీ’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
దుర్గ

తా.క.: ఈ ముక్క మంగళవారం పొద్దున్న రాస్తున్నాను. కవరు అంటించేముందు, ఇంక దాచడం దేనికని ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. వెంకీ మాట దగ్గర ఏమవుతుందోనని చెంబుతో నీళ్ళు పక్కన పెట్టుకున్నాను. ఆవిడ కదల్లేదు. అంతా విని, ఆడు రాడని నాకు మొదటేడే తెల్సు అంది.

ప్రతి ఆదివారం నేను సంతకి వెళ్ళాక నువ్వు ఆవిడ చిన్న ఫోనుకి చేస్తూనే ఉన్నావట. ఆ మనిషి పేరు కూడా ఆవిడకి తెలుసు. నాకు చెప్పొద్దన్నది నువ్వు కాదట, ఆవిడే. నేను కల్పించిన ఫోన్లన్నీ తెలిసే విని, దండం పెట్టింది. ఎందుకత్తా అంటే, పిల్లా పాపా నేనిదానివి, తెలిస్తే మీ అన్నల కాడికి ఎల్లిపోతావు, శివాజీ పెళ్ళాం నాకు ముద్ద పెట్టదు, వలలు అటక మీదుంటే నువ్వుంటావనుకున్నానే అంది. చెంబులో నీళ్ళు నేనే తాగాను.

నీ కొత్త నంబరు ఇప్పుడు నా దగ్గరుంది. చెయ్యను. నిన్ను తిట్టడానికి మొదలెట్టిన ఉత్తరం ఇది. నా రక్తం పంచుకున్న మనిషి దగ్గర నీ మోసం కూడా చిన్నదైపోయింది.

పొద్దున్నించీ గుమ్మంలో కూర్చుని, ఎల్లిపోతావేటే అని అడుగుతోంది. ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. గంజి కాచి ఇచ్చాను, మోకాళ్ళకి నూనె రాశాను, జవాబు మాత్రం చెప్పలేదు. నన్ను మూడేళ్ళు ఆగేలా చేసిన మనిషి. కొన్నాళ్ళు తననీ ఆగనీ.