చల్లారిపోతున్న కాఫీ

సల్త్, ఫిబ్రవరి 3

చిట్టి చెల్లెలు రస్మియ్యాకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానంటే ఏదో కొంప మునిగిందని నీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. ఫోన్‌లో అయితే సగం మాటకే ఏడుస్తావు, మిగతా సగం చెప్పనివ్వవు. అందుకే అఖబా బస్సు డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నాను.

నా ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. రెండేళ్లుగా వాడుతున్న మందులకు లొంగడం మానేసింది. ‘ఇక మందు లేదన్నారు’ అని ఇంట్లో చెప్పాను. ఆ రోజు నుంచి మీ వదిన నాకు ఎదురు చెప్పడం లేదు. నలభై ఏళ్ల కాపురంలో షమ్సా నోరు మెదపని నెల ఇదొక్కటే. ఆ మౌనం భరించలేక నీకు నిజం రాస్తున్నాను. నేను అబద్ధమాడాను. మందు ఉంది.

అమ్మాన్‌లో డాక్టర్ గైదా నాకు అంతా విడమరిచి చెప్పింది. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అతుక్కునే ఒక మందుకి ఆక్టినియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని కట్టి నరంలోకి ఎక్కిస్తారట. అక్కడికి చేరాక అది ఆల్ఫా కిరణాలు వదులుతుంది. “దీని దెబ్బ గట్టిది, చెయ్యి పొట్టిది బాబాయ్. వెంట్రుక మందం కూడా దాటదు” అంది. నవ్వాను. తర్వాత ఆవిడే గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. నోట్లో ఉమ్మి ఊరే గ్రంథులకు కూడా ఆ మందు అతుక్కుంటుందట. నోరు ఎండిపోవచ్చు, రుచి పోవచ్చు, తిరిగి రాకపోవచ్చు.

రుచి పోయిన కాఫీవాడు ఎందుకు పనికొస్తాడో నువ్వే చెప్పు. కొట్టు నాకు అప్పగించిన రోజు నాన్న తాళాలు ఇవ్వలేదు, ముందు నాలుక చూపించమన్నాడు. వేయించిన గింజ ఒకటి కొరికి అది యెమెన్‌దో ఇథియోపియాదో చెప్పగలను. పెళ్లయినా చావయినా ఈ ఊరు నా కాఫీయే తాగుతుంది. పోతే ఈ నాలుకతోనే పోతాను. ఆ మందు విమానంలో రావాలి, వచ్చే దారిలోనే దాని బలం కరిగిపోతూ ఉంటుంది, అందుకని నిల్వ పెట్టరు, ఒక్కో మనిషి పేరు మీద తెప్పిస్తారు. వచ్చే శనివారంలోగా ఔనో కాదో చెప్పమంది. కాదనే చెప్తాను. మీ వదినకి ఈ సంగతి తెలిసిందంటే నీతో మాట్లాడను.

నీ మొండి అన్న,
అవ్వాద్

---

అఖబా, ఫిబ్రవరి 6

అన్నయ్యా,

ఏడవలేదు, ఒళ్లు మండింది. వదినకి చెప్పొద్దన్నావు, నేను ఒక్క ముక్క చెప్పలేదు. నీ ఉత్తరాన్నే తిరుగు బస్సులో ఆవిడకి పంపించాను. ఊరికి కాఫీ పోసేవాళ్లు ఇంకొకరు దొరుకుతారు. నాకు ఉన్నది ఒక్కడే అన్న. శుక్రవారం ఇంటి పట్టునే ఉండు. మంచి కాఫీ కాచి పెట్టుకో.

నువ్వు మాట్లాడకపోయినా మాట్లాడే,
రస్మియ్యా

---

సల్త్, ఆగస్టు 29

ఇంటి గుట్టు బస్సెక్కించిన నా చెల్లెలికి,

ఏడు నెలలు కావస్తోంది నీతో మాట్లాడి. అన్న మాట నిలబెట్టుకున్నాను, ఇక చాలు. ఆ శుక్రవారం ఏం జరిగిందో మీ వదిన తన గొప్పగా చెప్పే ఉంటుంది. నా వైపు కూడా విను.

నమాజు నుంచి వచ్చి కూర్చున్నానో లేదో తలుపు చప్పుడైంది. తీస్తే షమ్సా. సొంత ఇంటి తలుపు తట్టి నిలబడింది. వెనక ఆమె అన్నలిద్దరు, మా అబ్బాయి నిమర్, పక్క వీధి హాజీ బర్జస్, అందరూ పిల్లనడగడానికి వచ్చినట్టు కోట్లు వేసుకుని ఉన్నారు.

“అతిథులం. లోపలికి రమ్మనరా?” అంది.

నీ జవాబు అప్పటికి నాకింకా అందలేదు, మనవరాలికి ఏదో సంబంధం తెచ్చారనుకున్నాను. ఆ పొద్దున వేయించిన గింజలతో కాచిన కాఫీ పోశాను. అందరూ కప్పులు అందుకుని, ముట్టకుండా కింద పెట్టేశారు. మన పద్ధతి నీకు తెలియనిదా. అడగవచ్చినవాళ్లు కాఫీ తాగరు. ఇంటాయన ‘తాగండి’ అన్నాడంటే అడిగింది ఇచ్చేసినట్టే, ఆ మాట వెనక్కి తీసుకోవడం ఉండదు. నీ పెళ్లికి నాన్న ఆ ఒక్క మాటకి మీ అత్తవారిని గంట కూర్చోబెట్టాడు.

“మేం పిల్ల కోసం రాలేదు” అంది షమ్సా. “మీ ప్రాణం అడగడానికి వచ్చాం. ఆ మందు వేయించుకోండి. మీకొచ్చింది క్యాన్సర్, వైరాగ్యం కాదు.”

ఇన్నాళ్లూ ‘ఆ జబ్బు’ అనేదే గానీ దాని పేరు నోట పలికిన మనిషి కాదు. వాళ్లు కదల్లేదు. కప్పుల మీద ఆవిరి తగ్గిపోతోంది, ఏలకుల వాసన పోతోంది. నా చేతి కాఫీ నా కళ్లముందు చల్లారడం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఉండబట్టలేకపోయాను.

“చల్లారిపోతోంది, తాగండయ్యా” అన్నాను.

హాజీ బర్జస్ ఒక్క గుక్కలో తాగేశాడు. “ఇచ్చారు. అందరూ విన్నారు” అంది మీ వదిన కప్పు ఎత్తుతూ.

“నేనన్నది కాఫీ గురించి.”

“మేం విన్నదీ కాఫీ గురించే” అన్నాడు హాజీ.

రెండేసి నెలల తేడాతో మూడుసార్లు ఎక్కించారు. గైదా చెప్పినట్టే నోరెండిపోయింది. రొట్టె ముక్క దిగాలన్నా పక్కన నీళ్లుండాలి. గింజ కొరికితే ఇసుక కొరికినట్టే ఉంటుంది. మొదట్లో కొట్టు తలుపులు వేసుకుని ఏడ్చాను, నీ దగ్గర దాచడమెందుకు. తర్వాత చూస్తే ముక్కు ఇంకా ఉంది, పెనం మీద గింజ చిట్లే చప్పుడు వినే చెవులూ ఉన్నాయి. రుచి చూసే పని షమ్సా తీసుకుంది. మొదటి రోజే, “నలభై ఏళ్లుగా చెప్దామనుకుంటున్నాను, ఏలకులు ఎక్కువ వేస్తారు” అంది. రోషం వచ్చింది గానీ తగ్గించాను. గిరాకీ పెరిగింది. ఇది ఎవరికీ చెప్పకు. చెప్పొద్దంటే నువ్వేం చేస్తావో నాకు తెలుసనుకో.

నిన్న గైదా కొత్త స్కాన్ చూపించింది. అప్పట్లో ఎముకల నిండా ఆవాలు చల్లినట్టుండే మచ్చల్లో నాలుగే మిగిలాయి. పూర్తిగా పోయిందని ఆవిడ అనలేదు. బాగా వెనక్కి తగ్గింది, కనిపెట్టుకుని ఉందాం అంది. మన వీధి మెట్లన్నీ ఆగకుండా ఎక్కి ఇంటికొచ్చాను, నడుం పట్టుకోలేదు.

షమ్సా కాఫీ తెచ్చింది. నేను కప్పు అందుకుని, ముట్టకుండా కింద పెట్టాను.

“ఏంటి, ఏం కావాలట?” అంది.

“ఇంకో పదేళ్లు. రోజూ నువ్వు నాకు ఎదురు చెప్తూ ఉండాలి.”

తలముసుగు అంచుతో కళ్లు తుడుచుకుని, “చల్లారిపోతోంది, తాగండి” అంది.

రుచి తెలియలేదు చెల్లీ. కప్పు ఖాళీ చేశాను.

మళ్లీ నీతో మాట్లాడుతున్న అన్న,
అవ్వాద్