ఆ పాట నాదేనన్నాను

యాదక్కా,

నువ్వు కన్నుమూశాక ఇదే మొదటి బతుకమ్మ.

మొగుణ్ణి వదిలి బ్యాండువాడితో వెళ్లావని, ఆనాడు ఆటలోంచి నిన్ను చెయ్యి పట్టి బయటికి లాగింది సొంత చెల్లెల్ని నేనే. అప్పుడు అందరూ పాడుతున్నది నువ్వు కట్టిన పాటే.

నాకేం తక్కువ? మా ఆయనది మున్సిపాలిటీలో పర్మనెంటు నౌకరి. కామాటిపురాలో సొంత ఖోలీ, ఒంటిగదైనా మాదే. ఇరవై ఏళ్లలో ఏడవాల్సిన అవసరం రాలేదు. పాడాలనీ అనిపించలేదు.

నిన్న మా చాల్‌లో, వరసగదుల ఆడవాళ్లు మళ్లీ నీ పాటే ఎత్తుకున్నారు. పక్క ఖోలీలోకి వచ్చిన కొత్త కోడలు చప్పట్లు ఆపి అడిగింది.

"మస్తుంది అత్తమ్మా! గీ పాట ఎవలు కట్టిన్రు?"

"నేనే" అన్నాను.

ముసలమ్మలకు నిజం తెలుసు. అయినా మళ్లీ చప్పట్లు అందుకున్నారు. ఆ పిల్ల వంగి నా కాళ్లకు మొక్కింది. మొక్కించుకున్నాను.

ఇవాళ ఇంకోటి పాడమంటోంది. నీవి ఇంకా నాలుగు గుర్తున్నాయి నాకు.